పాట ఎవరిదో, మార్చే హక్కూ వాళ్ళదే

ఆగస్టు 9 వస్తే మన మీద అందరికీ ప్రేమ పుట్టుకొస్తుంది. మంత్రి గారో, అధికారి గారో కారు దిగే వేళకు డోలు, తుడుం, కొమ్ముబూర మోగాలి. నెమలి ఈకల టోపీలు ఫొటోలో పడాలి. తర్వాత పెద్దలు మైకు పట్టుకుని "ఈ కళలను ఉన్నవి ఉన్నట్టు కాపాడుకోవాలి" అంటారు. అదే సాయంత్రం మన కుర్రాడొకడు కీబోర్డు పెట్టుకుని కోయలోనో గోండిలోనో కొత్త పాట కట్టి పాడితే "సంస్కృతి పాడైపోయింది" అని వాళ్ళే మూతి విరుస్తారు.

ఇంకో గుంపు ఉంది. "ఈ డోలు పట్టుకుని ఎన్నాళ్ళు? తెలుగులో పాడు, సినిమా పాట నేర్చుకో, నలుగురిలా ఉండు" అంటుంది. ఆశ్రమ పాఠశాలల వార్షికోత్సవాలకు వెళ్ళి చూడండి, ఈ గుంపు మాటే ఎక్కువ చెల్లుతోంది.

పైకి ఈ రెండు మాటలూ ఎదురెదురుగా కనిపిస్తాయి. ఒకరు మారొద్దంటారు, ఇంకొకరు వదిలెయ్యమంటారు. లోపల ఉన్నది మాత్రం ఒకటే: మీ పాట సంగతి మీరు తేల్చుకోవద్దు, మేం తేలుస్తాం. నా గొడవ ఈ మాటతోనే.

జవాబుకు దూరం నుంచి ఒక మనిషిని పిలుస్తున్నాను. పశ్చిమ ఆఫ్రికాలో ఘనా దేశపు రాజధాని అక్రాలో పుట్టిన ఇ.టి.మెన్సా. పూర్తి పేరు ఇమ్మాన్యుయేల్ టెట్టే మెన్సా. 'హైలైఫ్' అనే సంగీతానికి రాజు అని ఆ ప్రాంతమంతా ఆయనను పిలుచుకుంది. అక్కడి ప్రజలూ మనమూ ఒకటేనని అనడం లేదు. వాళ్ళ చరిత్ర వాళ్ళది. కాకపోతే ఒక పాట ఎలా పుడుతుంది, ఎవరి చేతుల్లో పెరుగుతుంది, ఎవరి చేతుల్లో నలుగుతుంది అన్న మొత్తం కథ ఆయన జీవితం చుట్టూ కనిపిస్తుంది. మన పిల్లలకు చెప్పదగ్గ కథ.

గుమ్మం బయటివాళ్ళు పెట్టిన పేరు

మెన్సా 1919 మే 31న పుట్టాడు. ఆ దేశం అప్పుడు గోల్డ్ కోస్ట్ అన్న పేరుతో ఇంగ్లీషువాళ్ళ ఏలుబడిలో ఉంది. అక్రాలో, కేప్ కోస్ట్‌లో చదువుకున్న నల్లజాతి పెద్దలకు క్లబ్బులుండేవి. వాయిద్యకారులు కాగితం మీద స్వరాలు చూసి వాల్ట్జులు, ఫాక్స్‌ట్రాట్లు వాయించేవారు. నడుమ ఎప్పుడైనా వీధిలో జనం పాడుకునే పాటను కూడా తీసుకుని బ్యాండుకు తగ్గట్టు వాయించేవారు. లోపలికి వెళ్ళాలంటే ప్రవేశ రుసుము సుమారు ఏడున్నర షిల్లింగులు. పైగా దొరల సాయంత్రపు దుస్తులు, వీలైతే పొడవాటి టోపీ.

అంత డబ్బు, ఆ బట్టలు లేనివాళ్ళు క్లబ్బు బయట గుమిగూడి వినేవారు. లోపల మోగుతున్నది తమ వీధి పాటే. కానీ అది వినడానికి తాము బయట నిలబడాలి. "అదుగో, గొప్పోళ్ళ బతుకు" అన్న అర్థంలో వాళ్ళే దానికి హైలైఫ్ అని పేరు పెట్టారు. 1920ల నాటి ఈ సంగతిని మెన్సా అన్నగారు యెబువా మెన్సా చెప్పగా పరిశోధకుడు జాన్ కాలిన్స్ రాసిపెట్టారు. యెబువా కూడా పేరున్న వాయిద్యకారుడే.

మన పాట మంత్రి గారి వేదిక మీద మోగుతుంటే మనవాళ్ళు తాళ్ళు కట్టిన బారికేడ్ల వెనక నిలబడి చూడటం మనకు కొత్తేం కాదు. అందుకే ఈ పేరు వెనక ఉన్న ఎత్తిపొడుపు మనకు వెంటనే అర్థమవుతుంది.

ఇప్పుడు 'అచ్చమైన కళ' గురించి మాట్లాడేవారికి ఒక ప్రశ్న. హైలైఫ్‌లో అచ్చమైనది ఏది? దాని పుట్టుకలో ఎన్ని చేతులున్నాయో చూడండి. 19వ శతాబ్దం చివర ఇంగ్లీషువాళ్ళు వెస్టిండీస్ నుంచి నల్లజాతి సైనికులను కేప్ కోస్ట్, ఎల్మినా కోటలకు తెచ్చారు. సెలవు వేళల్లో వాళ్ళు ఇత్తడి బూరలతో తమ దీవుల పాటలు వాయించుకున్నారు. అది విన్న స్థానికులు అవే బూరలతో తమ సొంత లయ కట్టారు, దాన్ని అడాహా అన్నారు. ఓడల్లో పనిచేసే లైబీరియా క్రూ నావికులు గిటార్ మీటే పద్ధతి తెచ్చారు. ఆ గిటార్ రేవుల్లోని కల్లుపాకలకు చేరింది. అందుకే ఆ సంగీతాన్ని ఈనాటికీ 'పామ్ వైన్ సంగీతం' అంటారు. మన మాటల్లో తాటికల్లు పాట అనుకోండి. అప్పట్లో గిటార్ పట్టినవాడిని తాగుబోతుల జట్టు అని పెద్దలు తిట్టేవారు. ఆ తిట్లు తిన్న గిటారే ఇవాళ ఘనా గుర్తు.

దొరల బూర, దీవుల లయ, నావికుల తీగ, వీధి మనుషుల మాట. ఇవన్నీ కలిస్తేనే హైలైఫ్. ఎవరూ "ఉన్నది ఉన్నట్టు" ఉంచి ఉంటే అది పుట్టేదే కాదు.

ఒక బడి, ఒక మాస్టారు

ఇక్కడ టీచర్లు కాస్త ఆగి చదవాలి. మెన్సా సంగీతం నేర్చుకున్నది ఏ కళాక్షేత్రంలోనో కాదు. అక్రా జేమ్స్ టౌన్‌లోని ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలో. అక్కడ జో ల్యాంప్టీ అనే మాస్టారు పిల్లలతో పిల్లనగ్రోవులు, డప్పుల బ్యాండు నడిపేవాడు. మెన్సా చేతికి మొదట వచ్చింది ఆ పిల్లనగ్రోవే. తర్వాత ఆ మాస్టారే తన శిష్యులను పోగుచేసి అక్రా ఆర్కెస్ట్రా కట్టాడు. అన్నదమ్ములు ఇద్దరూ ఆ గూటి పిల్లలే.

ల్యాంప్టీ మాస్టారు చేసిందేమిటి? వాయిద్యం పిల్లల చేతికిచ్చాడు. రోజూ సాధన చేయించాడు. బడి అయిపోయాక కూడా వదల్లేదు. ఖండాంతర ఖ్యాతి పొందిన ఒక సంగీతానికి మొదటి మెట్టు ఒక ప్రాథమిక పాఠశాల వరండా. మన బడుల్లో డోలు ఎక్కడుంది? చాలాచోట్ల అతిథి వచ్చిన రోజున ఊళ్ళోంచి అరువు తెస్తారు. సాయంత్రం తిరిగి పంపేస్తారు. పిల్లవాడు దాన్ని ముట్టుకుంటే క్రమశిక్షణ తప్పాడంటారు.

టెంపోస్ చేసిన పని

రెండో ప్రపంచ యుద్ధంలో అక్రా నిండా ఇంగ్లీషు, అమెరికా సైనికులు దిగారు. వాళ్ళకు జాజ్, స్వింగ్ కావాలి. స్కాట్లండ్‌కు చెందిన సార్జెంటు లెపర్డ్ నడిపిన బ్యాండులో మెన్సా శాక్సాఫోన్ వాయించి ఊపిరి పట్టు, స్వరం నిలుపు నేర్చుకున్నాడు. యుద్ధకాలంలో తెల్ల సైనికులతో మొదలైన టెంపోస్ అనే చిన్న బ్యాండు క్రమంగా పూర్తిగా ఆఫ్రికన్ల చేతికి వచ్చింది. 1948 నాటికి దానికి మెన్సా నాయకుడు.

అప్పుడాయన ముందు రెండు దారులున్నాయి. దొరల పాటను దొరలకంటే బాగా వాయించి మెప్పు పొందడం ఒకటి. అన్నీ వదిలేసి పాత పాటకే కట్టుబడటం మరొకటి. ఆయన రెండూ చేయలేదు. పెద్ద ఆర్కెస్ట్రా స్థానంలో పది మందికి మించని జట్టు పెట్టాడు. లండన్ వెళ్ళొచ్చిన డ్రమ్మరు గై వారెన్ తెచ్చిన బాంగోలు, కాంగాలు, కాలిప్సో ఊపు కలిపాడు. శాక్సాఫోన్, ట్రంపెట్ అలాగే ఉంచాడు. వాటితో పలికించింది మాత్రం తన నేల లయ. ఇంగ్లీషులో పాడాడు, దానితోపాటు ట్వి, ఫాంటే, గా, ఎవే భాషల్లోనూ పాడాడు. నైజీరియాకు వెళ్తే అక్కడి భాషల్లో పాడాడు. ఏ ఊరికి వెళ్తే ఆ ఊరివాళ్ళకు తమ మాట వినిపించేది.

1950 నుంచి టెంపోస్ నైజీరియా తిరగడం మొదలుపెట్టింది. అప్పటిదాకా దొరల డాన్సు పాటలే ఎక్కువగా వాయిస్తున్న లాగోస్ బ్యాండులు హైలైఫ్ వైపు తిరిగాయి. బాబీ బెన్సన్, విక్టర్ ఒలయా లాంటివాళ్ళు ఆ దారిలో పెద్దవాళ్ళయ్యారు. డెక్కా కంపెనీ రికార్డులు తీసింది. సియెర్రా లియోన్, లైబీరియా, గినియా దాకా ఆ పాట పాకింది. 1956 మేలో అమెరికా జాజ్ దిగ్గజం లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ అక్రా వచ్చినప్పుడు మెన్సా జట్టుతో కలిసి వాయించాడు. 1957 మార్చి 6న ఘనా స్వతంత్రమైంది. ఆ వేడుకకు మెన్సా కట్టిన 'ఘనా ఫ్రీడమ్' పాట ఆ తరానికంతా గుర్తుండిపోయింది. ఒకప్పుడు జనం క్లబ్బు బయట నిలబడి విన్న సంగీతం కొత్త దేశానికి గొంతు అయింది.

"సూటు వేసుకుని శాక్సాఫోన్ వాయించినవాడు తన జాతి కళాకారుడెలా అవుతాడు?" అని అడిగేవాళ్ళున్నారు. వాళ్ళకు గై వారెన్ కథే చెప్పాలి. ఆయన టెంపోస్ వదిలి అమెరికా వెళ్ళాడు. 1956లో చికాగోలో 'ఆఫ్రికా స్పీక్స్, అమెరికా ఆన్సర్స్' అనే ఆల్బం రికార్డు చేశాడు. తర్వాత సొంత దేశానికి తిరిగొచ్చి తన పేరునే ఘనాబాగా మార్చుకున్నాడు. పాశ్చాత్య డ్రమ్ సెట్టు బదులు తమ రాజుల కొలువుల్లో మోగే పెద్ద డోళ్ళను వరసగా నిలబెట్టి వాయించాడు. ఒకే బ్యాండులోంచి వచ్చిన ఇద్దరు. ఒకరు కలుపుకుంటూ ముందుకెళ్ళారు, మరొకరు వేరు వెతుక్కుంటూ వెనక్కి వచ్చారు. ఎవరు సరి అన్నది నా ప్రశ్న కాదు. ఇద్దరూ ఎవరి అనుమతీ అడగలేదు. తమ పాట దారిని తామే ఎంచుకున్నారు. హక్కు అంటే అదే. మారే హక్కూ, మారనని చెప్పే హక్కూ రెండూ అందులో ఉన్నాయి.

మన దగ్గర ఈ తేడా చాలా అవసరం. పెన్ ముందు మాత్రమే పాడే పాటలున్నాయి. చావు దగ్గర, విత్తుల పండగ దగ్గర తప్ప నోట రానివ్వని పాటలున్నాయి. వాటిని కీబోర్డు మీదికి ఎక్కించాలా వద్దా అన్నది ఆ గోత్రం, ఆ ఊరి పెద్దలు తేల్చాలి. యూట్యూబ్ చానల్ కాదు, సాంస్కృతిక శాఖ కూడా కాదు. మిగతా పాటల విషయంలో మన కుర్రకారును ఆపే హక్కు బయటివాడికి లేదు.

రాజుగారి మందుల కొట్టు

పేరు గొప్ప, ఊరు దిబ్బ అంటారు కదా. హైలైఫ్ రాజు ఇల్లు గడిచింది పాట మీద మాత్రమే కాదు. మెన్సా మందుల పంపిణీ చదువు చదివి ప్రభుత్వ ఫార్మసిస్టుగా పనిచేశాడు. తర్వాత సొంతంగా మందుల కొట్టు పెట్టాడు. రాత్రి బ్యాండు, పగలు సీసాలూ మాత్రలూ. ఖండమంతా చప్పట్లు కొట్టిన మనిషికే ఇంకో కూలి కావలసి వచ్చింది. ఇక మన డోలు కళాకారుడికి శాలువా కప్పి, బస్సు చార్జీ చేతిలో పెట్టి పంపితే అది గౌరవం ఎలా అవుతుంది?

కూలి తర్వాత పేరు. హైలైఫ్‌కు తల్లివేరు లాంటి పాట ఒకటుంది, 'యా అంపొన్సా'. 1928లో క్వామే అసరే అనే గిటార్ కళాకారుడు మరో ఇద్దరితో లండన్ వెళ్ళి, కుమాసి ట్రియో పేరుతో దాన్ని రికార్డు చేశాడు. ఆ వరసను అనుసరించి 1990లో అమెరికా గాయకుడు పాల్ సైమన్ తన ఆల్బంలో 'స్పిరిట్ వాయిసెస్' అనే పాట చేశాడు. రాయల్టీ కూడా కట్టాడు. అప్పుడు ఘనాలో ప్రశ్న లేచింది. ఈ డబ్బు ఎవరిది? చివరకు ఇది జానపదం, కాబట్టి రాజ్యానిది అన్నారు. 1985 నాటి చట్టం విదేశీయుల మీద పెట్టిన ఈ కట్టడిని 2005 చట్టం సొంత పౌరుల మీదికి కూడా తెచ్చింది. అంటే ఘనా కళాకారుడు తన అమ్మమ్మ పాటను అమ్ముకోదగ్గ రికార్డుగా చేయాలంటే ప్రభుత్వాన్ని అడిగి రుసుము కట్టాలి. అక్కడి సంగీతకారులు, పరిశోధకులు దీన్ని గట్టిగా తప్పుపట్టారు.

'జానపదం' అన్న మాట ఎంత మెత్తగా ఉంటుందో అంత పదునైనది. పాడినవాడి పేరు అక్కడే తెగిపోతుంది. మన దేశపు 1957 కాపీరైటు చట్టంలో జానపద, ఆదివాసీ కళలకు ప్రత్యేకమైన రక్షణ లేదు. ఘనాలో పాట ప్రభుత్వం చేతికి పోయింది. ఇక్కడ అది ఎవరు ముందు తీసుకుంటే వాళ్ళ చేతికి పోతుంది. తెర మీద 'జానపదం' అనో 'సేకరణ' అనో పడుతుంది. సేకరించినవాడికి పేరుంటుంది. పాడిన అవ్వకు పేరుండదు, ఆమె ఊరికి పేరుండదు, ఆమె భాషకూ ఉండదు.

గుస్సాడీ కనకరాజు గారికి 2021లో, కోయ డోలు కళాకారుడు సకిని రామచంద్రయ్య గారికి 2022లో పద్మశ్రీ ప్రకటించారు. గర్వపడదాం. దానితోపాటు ఒకటి అడుగుదాం. ఆ ఆటల వెనక పెప్రె ఊదినవాళ్ళ పేర్లు, కిక్రి మీటే ప్రధాన్, తోటి కళాకారుల పేర్లు ఏ పుస్తకంలో ఉన్నాయి?

పాటను చంపింది ఎవరు?

పిల్లలు కొత్త వాయిద్యాలు పట్టడం వల్ల పాత పాట చచ్చిపోతుందని మనల్ని భయపెడతారు. ఘనాలో డాన్సు బ్యాండ్ల వెలుగు తగ్గిన కారణాలు చూడండి. ఆర్థిక వ్యవస్థ కుప్పకూలింది. 1981 చివరి రోజున సైనిక తిరుగుబాటు జరిగింది. ఆ వెంట 1982 నుంచి 1984 దాకా రాత్రి కర్ఫ్యూ. రాత్రి లేకపోతే బ్యాండుకు బతుకేది? వాయిద్యాల దిగుమతి మీద భారీ సుంకాలు పడ్డాయి. 1980ల చివర విద్యా సంస్కరణల పేరుతో బడుల్లో సంగీతానికి ఉన్న చోటును కుదించారు. ల్యాంప్టీ మాస్టారి వరండా మూతపడిందన్నమాట. ఎందరో కళాకారులు నైజీరియాకు, జర్మనీకి వలసపోయారు. జర్మనీ వెళ్ళినవాళ్ళు సింథసైజర్లు, డిస్కో కలిపి 'బర్గర్ హైలైఫ్' కట్టారు. దాన్నీ మొదట్లో పెదవి విరిచినవాళ్ళున్నారు. అది కూడా నిలిచింది, ఎందుకంటే పాడుతున్నది తమ భాషలోనే.

ఆ బ్యాండ్లను ఆపింది తుపాకీ, సుంకం, పాఠ్య ప్రణాళిక. గిటార్ పట్టిన కుర్రాడు కాదు.

మన పాటను చంపుతున్నవి కూడా ఏవో చెప్పుకుందాం. ఊరు ముంపులో పోతే పాట పోతుంది, ఎందుకంటే ఆ పాటలో ఉన్న వాగు పేరు, గుట్ట పేరు ఇక కళ్ళెదుట ఉండవు. బడిలో సవర, కువి, కొలామి మాట్లాడినందుకు పిల్లవాడు నవ్వులపాలైతే పాట పోతుంది. డోలు కొట్టే తండ్రి కూలికి వలస పోతే పాట పోతుంది. వీటి గురించి నోరెత్తనివాడు కీబోర్డు మీద కోపం చూపిస్తే ఆ కోపానికి అర్థం లేదు.

మనం చేయవలసింది

టీచర్ మిత్రులారా, ఒక డోలు బడిలో ఉంచండి. వారానికి ఒక గంట ఊరి పెద్దను పిలిచి పిల్లలకు చెప్పించండి. ఆయనను అతిథి అనకండి, గురువు అనండి. పక్కనే కీబోర్డు ఉంటే ఉండనివ్వండి. రెండూ పిల్లల చేతికే ఇవ్వండి. ఏది ఎలా కలుస్తుందో వాళ్ళు వెతుక్కుంటారు. మన భాషలో కొత్త పాట కట్టిన పిల్లకు తెలుగు పాట పాడిన పిల్లతో సమానంగా బహుమతి ఇవ్వండి.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, మీరు ఫోనులో పాట రికార్డు చేసే ముందు అవ్వనో తాతనో అడగండి. పాడినవారి పేరు, ఊరు, గోత్రం, భాష, తేదీ రాసుకోండి. కొత్త పాటైతే కట్టినవారి పేరు పెట్టండి. 'జానపదం' అన్న ఒక్క మాటతో ముగించకండి. స్టూడియోవాడు కాగితం మీద సంతకం అడిగితే చదవకుండా పెట్టకండి. చదవడం రాని పెద్దల తరఫున మీరు చదవండి. డబ్బు వస్తే ఎంత వచ్చిందో ఊరి ముందు చెప్పండి.

అధికారులకు ఒక్క మాట. పిలిస్తే కూలి ఇవ్వండి, రాలేమంటే ఊరుకోండి. మా పాట ఎంత పాతగా ఉండాలో మీరు కొలవకండి.

మెన్సా పాత రికార్డులను 1986లో లండన్‌లో 'ఆల్ ఫర్ యూ' పేరుతో మళ్ళీ వేశారు. జాన్ కాలిన్స్ రాసిన ఆయన జీవితకథ కూడా ఆ ఏడాదే వచ్చింది. 1996 జూలై 19న ఆయన కన్నుమూశాడు. ఆ పుస్తకం ఉంది కాబట్టి, ఆ రికార్డుల మీద పేరు ఉంది కాబట్టి, ఇవాళ ఇంత దూరాన మనం ఆయన గురించి మాట్లాడుకోగలుగుతున్నాం. ల్యాంప్టీ మాస్టారి పేరు కూడా అలాగే మన దాకా వచ్చింది. మన గూడేల్లో మనకు పాట నేర్పినవాళ్ళ పేర్లు రాసే పని ఇంకొకరు వచ్చి చేయరు. అది మన పని, ఈ ఏడాదే మొదలుపెట్టాలి. వాళ్ళలో చాలామంది వయసు ఇప్పటికే డెబ్భై దాటింది.